పదిహేనో పేరు

నెల మొదటి ఆదివారానికి ముందు వచ్చే శుక్రవారం, సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా, టైంకీపరు గారు చర్చి పక్కగదిలో పేర్ల పుస్తకం తెరుచుకుని కూర్చుంటాడు. ఆ లూథరన్ సంఘంలో పాతకాలం నుంచి వస్తున్న పద్ధతి అది. రొట్టె, ద్రాక్షరసం తీసుకోడానికి ఆదివారం ప్రభువు బల్ల దగ్గరికి రాదలచుకున్నవాళ్ళు రెండు రోజుల ముందే వచ్చి పేరు ఇచ్చుకోవాలి. ఇచ్చే ముందు ఎవరి మీదనైనా మనసులో ముల్లు ఉంటే పీకేసుకుని మరీ రావాలి. శుక్రవారం మూడున్నర దాకా పోట్లాడుకుని, అప్పటికప్పుడు రాజీపడి, నాలుగింటికి జంటగా వచ్చి నిలబడే అత్తాకోడళ్ళు ఆ సంఘంలో ఉన్నారు. "మిగతాది సోమవారం చూసుకుంటాం లెండి, ముందు రాయండి" అంది ఒకసారి ఆ కోడలు. ఆయన నవ్వకుండా రాశాడు.

ముప్ఫై ఎనిమిదేళ్ళు నూలుమిల్లు గేటు దగ్గర హాజరు వేసిన మనిషి ఆయన. పన్నెండు వందల మందిలో ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో, ఎవరు వచ్చినట్టే వచ్చి గోడ దూకారో ఆయనకి తెలిసేది. ఉద్యోగం పోయినా పేరు పోలేదు.

నెల పనుల కాగితం రాయడం ఎప్పటినుంచో ఆయన పనే. రెండో శనివారం స్త్రీల సమాజం ఎవరింట్లో, ఇళ్ళ ప్రార్థనలు ఏ వీధిలో, నెలాఖరున మందిరం నేల కడిగే వంతు ఎవరిది, అన్నీ అందులో ఉంటాయి. ఎనిమిది నెలలుగా ఇంకో పని కూడా ఆయన మీద పడింది. మంచం దిగలేనివాళ్ళ ఇళ్ళకి మొదటి ఆదివారం మధ్యాహ్నం పాస్టరు అయ్యగారు ప్రభువు బల్ల సంస్కారం తీసుకెళ్తారు. వెంట వెళ్ళి ఇళ్ళు చూపించే పని పన్నెండేళ్ళు ఆయన భార్యది. ఆమె చనిపోయిన నెలలోనే పాత అయ్యగారికి బదిలీ అయింది. కొత్త అయ్యగారికి సందులు తెలియవు, మనుషులూ తెలియరు. టైంకీపరు తన భార్య రాసుకున్న నీలం అట్ట పుస్తకం తీసి, అందులో ఉన్న పద్నాలుగు పేర్లూ తెల్లకాగితం మీద దించుకున్నాడు. ఎనిమిది నెలల్లో ఒక్క ఇల్లు తప్పలేదు, ఒక్క నిమిషం ఆలస్యం కాలేదు. ఆ సంగతి ఆయన పైకి ఎప్పుడూ అనలేదు గానీ, లోపల కాస్త గర్వంగానే ఉండేది.

ఆ శుక్రవారం ఆరవుతుండగా నర్సమ్మ వచ్చింది. ఆస్పత్రిలో పని మానేసి నాలుగేళ్ళయింది, ఇప్పుడు స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. పేరు రాయించుకుని, వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది.

"అన్నయ్యగారూ, మిషనమ్మ గారికి ఎలా ఉంది? గుండె బాగా నీరసించిందని మందుల షాపులో చెప్పుకుంటుంటే విన్నాను."

"ఏ మిషనమ్మ గారు?"

"బాగుంది, మనకెంతమంది మిషనమ్మలున్నారు? కళ్ళజోళ్ళ షాపు మీద వాటాలో, బట్టలు కుట్టే ఆవిడ. నెలనెలా వెళ్ళొస్తూ నన్నడుగుతారేంటి?"

టైంకీపరు కాగితం కేసి చూశాడు. పద్నాలుగు పేర్లు. కాగితం పక్కన పెట్టి నీలం అట్ట పుస్తకం మొదటి పేజీ నుంచి తిరగేశాడు. లేదు.

"ఆవిడ తమ్ముడి ఊరు వెళ్ళిపోయారుగా" అన్నాడు మెల్లగా.

"ఆ మాట మూడేళ్ళ కిందటిది. నెలన్నర ఉండి తిరిగొచ్చేశారు. వదిన ప్రతి నెలా వెళ్ళేదిగా."

వెళ్ళిందన్న మాట ఆయన చెవిలో ఉండిపోయింది, తిరిగొచ్చిందన్న మాట పడలేదు. పడినా నిలవలేదేమో. ఎనిమిది మొదటి ఆదివారాలు. మిల్లులో అయితే ఎనిమిది నెలలు హాజరు పడని మనిషి కోసం ఇంటికి మనిషిని పంపేవాడు.

నర్సమ్మ ఆయన మొహం చూసి విషయం గ్రహించింది. "నేనూ వెళ్ళలేదు లెండి" అని మాత్రం అని, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది.

శనివారం పొద్దున్నే ఆయన కళ్ళజోళ్ళ షాపు పక్క మెట్లెక్కాడు. మిషనమ్మ మేనకోడలు తలుపు తీసింది. కింద షాపులోనే అద్దాలు అరగదీసే పని ఆ అమ్మాయిది, వేళ్ళ సందుల్లో తెల్లటి పొడి ఇంకా ఉంది. ఆయన్ని చూసి పక్కకి జరిగింది గానీ, రమ్మనలేదు.

ఒకటే గది. కిటికీ దగ్గర మంచం, మంచం కాళ్ళ వైపు కుట్టుమిషను, దాని మీద గుడ్డ కప్పి ఉంది. గోడకి మేకున కత్తెర, టేపు. ముసలావిడ మూడు దిళ్ళకి ఆనుకుని కూర్చుంది. పాదాలు వాచి ఉన్నాయి.

"రా అల్లుడూ" అంది. ఆయన భార్య ఆవిడని పెద్దమ్మా అని పిలిచేది, ఆ లెక్కన ఈయన అల్లుడు. "అయితే చివరికి నోటిమాటగా చెప్పి వెళ్దామని వచ్చావన్నమాట. కూర్చో. నాకేం కోపం లేదు."

"ఏం చెప్పడానికి పెద్దమ్మా?"

"నన్ను ఆపేశారని."

మేనకోడలు స్టూలు తెచ్చి వేసింది, కొంచెం చప్పుడయ్యేలాగానే వేసింది.

ముసలావిడ తొందర లేకుండా చెప్పింది. బలిపీఠం మీద పరిచే తెల్లబట్ట తాను కుట్టినది, అంచు మొత్తం చేత్తోనే. ఇరవై రెండేళ్ళు అదే పరిచారు. స్త్రీల సమాజం కొత్తది కొన్నది. పాతదాన్ని ఉతికి, ఇస్త్రీ చేసి, మడిచి పట్టుకుని నర్సమ్మ ఈ గదికే వచ్చింది.

"చావు కబురు చల్లగా చెప్పింది. 'ఇక మీరే ఉంచుకోండి పిన్నిగారూ' అని. నాకు ఒళ్ళు మండింది. నీ చేతికి సూది ఇస్తే మనుషుల్ని గుచ్చడమే వచ్చు గానీ కుట్టడం ఎక్కడొస్తుందే అన్నాను. ఇంకా అన్నాను, అవి నీ ముందు అననులే. నువ్వు పేరిచ్చిన నెల నేను పేరివ్వను పో అన్నాను. తరవాత పది రోజులకి మీ ఆవిడ పోయింది. పోయే ముందు రెండుసార్లు చెప్పింది, పిలిపించి మాట్లాడు పెద్దమ్మా అని. నేను విన్లేదు."

ఆవిడ కాసేపు ఊపిరి తీసుకుంది.

"మొదటి నెల మీరెవరూ రాకపోతే, పాపం చావింట్లో ఉన్నారు అనుకున్నాను. రెండో నెల, కొత్త అయ్యగారికి దారి తెలియలేదేమో అనుకున్నాను. ఈ స్టూలు మీద ఆ బట్టే నాలుగు మడతలు వేసి పరిచి, తల దువ్వించుకుని కూర్చున్నాను. మూడో నెలకి అర్థమైంది. పద్ధతి పద్ధతే కదా. ముల్లు పెట్టుకున్నవాళ్ళకి బల్ల లేదు. తప్పు నాది, నోరు మూసుకున్నాను."

"నేను అడుగుతానంటే వెళ్ళనిచ్చేది కాదండీ" అంది మేనకోడలు గోడకానుకుని. "అడుక్కుని తెచ్చుకునేది కాదే అది అనేది. పాటలు కూడా మానేసింది. ఇదివరకు పొద్దున్నే ఒకటి పాడితే గానీ నన్ను పనికి పోనిచ్చేది కాదు."

టైంకీపరు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "పెద్దమ్మా, నిన్నెవరూ ఆపలేదు. అయ్యగారికి నువ్వున్నట్టే తెలియదు. నేను మర్చిపోయాను. అంతే, ఇంకేం లేదు."

ముసలావిడ నవ్వింది. దయగా నవ్వింది, అదే ఆయనకి ఎక్కువ బాధయింది.

"పన్నెండు వందల మందికి హాజరు వేసినవాడివి. నువ్వు మర్చిపోయానంటే గుడ్డివాడు కూడా నమ్మడు. ముసలిదాని మనసు నొప్పించడం ఎందుకని ఓ అబద్ధం తెచ్చావు. మంచివాడివే. కానీ అబద్ధం మీద నిలబడి నేను పేరివ్వను."

ఆయన చేతిసంచీలో నీలం అట్ట పుస్తకం ఉంది. చూపిస్తే నమ్ముతుంది. కానీ చూపిస్తే, ఈ గదికి పన్నెండేళ్ళు వచ్చిన మనిషి, పెద్దమ్మా అని పిలిచిన మనిషి, పద్నాలుగు పేర్లు రాసి ఈవిడ పేరు ఒక్కటీ వదిలేసిందని తెలుస్తుంది. పోయినావిడ మీద తప్పు తోసి చేతులు దులుపుకున్నట్టుంటుంది. చూపించకపోతే ఈవిడ ఇలాగే, శిక్ష పడ్డ మనిషిలా, ఆ దిళ్ళకి ఆనుకునే వెళ్ళిపోతుంది. పాదాల వాపు చూస్తే వచ్చే నెల అన్న మాట నోట్లోంచి రావడం లేదు.

సంచీలోంచి పుస్తకం తీసి మంచం మీద పెట్టాడు.

"నాకు కళ్ళు ఆనవు. చదవవే" అంది ముసలావిడ.

మేనకోడలు చదివింది. పేర్ల పక్కన ఆయన భార్య చిన్న అక్షరాలతో రాసుకున్నవి కూడా చదివింది. ఈ ఇంట్లో గంట కొట్టకూడదు, పసిబిడ్డ నిద్రపోతుంటుంది. ఈయనకి ఎడమ చెవి వినపడదు, కుడివైపు కూర్చోవాలి. ఈమెకి రొట్టె మింగుడు పడదు, ద్రాక్షరసంలో తడిపి ఇవ్వాలి. ఈయన ఏడుస్తాడు, తొందరపెట్టకూడదు. ఇవన్నీ టైంకీపరు తన కాగితంలోకి దించలేదు. పేర్లూ ఇంటి నెంబర్లూ దించాడు. ఎనిమిది నెలలు కుడివైపు కూర్చోవలసినచోట ఎడమవైపు కూర్చున్నాడు.

పద్నాలుగూ అయిపోయాయి. అమ్మాయి తల పైకెత్తలేదు.

"నేను లేను" అంది ముసలావిడ.

"లేవు పెద్దమ్మా."

కింద షాపులో ఇంకెవరో అద్దం అరగదీస్తున్న చప్పుడు వస్తోంది. ముసలావిడ పుస్తకం మీద చెయ్యి వేసింది.

"ఎలా ఉంటాను? ఇవన్నీ చెప్పింది నేనే కదయ్యా. ఆ స్టూలు మీద కూర్చుని రాసుకునేది. బట్టలు కుట్టించుకోడానికి వచ్చినవాళ్ళు చెప్పే కబుర్లన్నీ నా దగ్గరే ఉండేవి, ఎవరు మంచాన పడ్డారు, ఎవరికి ఏ పక్క నొప్పి. నేను చెప్పుకుంటూ పోయేదాన్ని, అది రాసుకుంటూ పోయేది. వాగు దాటి తలలు లెక్కపెట్టుకున్న తెలివైనవాళ్ళలా, నన్ను నేను ఎప్పుడు చెప్పుకున్నాను? అదెప్పుడు అడిగింది? చివర్న ఇక్కడికే వచ్చేది, సంస్కారం అయ్యాక అయ్యగారిని పంపించేసి ఓ గంట కూర్చునేది."

అప్పుడు ఆవిడ కళ్ళు తుడుచుకుంది. టైంకీపరు కిటికీలోంచి బయటికి చూశాడు. ప్రతి మొదటి ఆదివారం భార్య గంట ఆలస్యంగా ఎందుకు వచ్చేదో ఆయన ఎప్పుడూ అడగలేదు. అన్నం చల్లారిపోతోందని మాత్రం అనేవాడు.

"అయితే రేపు వస్తాం" అన్నాడు.

"ఆగు. మీరు ఆపలేదు, సరే. కానీ ముల్లు ముల్లే. దాన్ని పిలువు."

నర్సమ్మని పిలవడానికి పెద్దగా చెప్పవలసిన అవసరం రాలేదు. ఆయన ఆమె ఇంటికి వెళ్ళి చెబితే, గుమ్మంలో నిలబడే విని, స్టవ్ ఆపి, తాళం వేసుకుని వచ్చేసింది. గదిలోకి వచ్చి మంచానికి రెండడుగుల దూరంలో నిలబడింది.

"వచ్చావా" అంది ముసలావిడ. "సూది తెచ్చావా?"

"తేలేదు పిన్నిగారూ."

"బతికించావు. నేను అన్నవి తప్పు. అన్నీ తప్పే."

"బట్ట తెచ్చి ఇవ్వడం నాది తప్పు. అడిగి ఉండాల్సింది. అంచు చిరిగింది, మీరు మంచంలో ఉన్నారు, మళ్ళీ కుట్టమని ఏ మొహంతో అడగను అనుకున్నాను. అంతకన్నా కొనేయడం తేలికనిపించింది."

"ఎక్కడ చిరిగింది?"

"ఎడమవైపు మూల."

"అక్కడ దారం మొదట్నుంచీ తక్కువ రకందే" అంది ముసలావిడ, తనకు తాను చెప్పుకున్నట్టు. నర్సమ్మ ఆ రెండడుగులూ వేసి, మంచం అంచున కూర్చుని, వాచిన పాదాన్ని బొటనవేలితో నొక్కి చూసింది. గుంట పడి, చాలాసేపటికి గానీ పూడలేదు. ఇద్దరూ దాన్ని చూశారు.

పేరు ఇచ్చుకునే గడువు నిన్న సాయంత్రం ఆరింటితో అయిపోయింది. టైంకీపరు జేబులోంచి కలం తీసి, నీలం అట్ట పుస్తకంలో పద్నాలుగో పేరు కింద పదిహేనోది రాశాడు. మిల్లులో గేటు మూశాక ఎవరికీ హాజరు వేసి ఎరగడు.

ఆదివారం మధ్యాహ్నం అయ్యగారిని ముందు ఈ మెట్లే ఎక్కించాడు. "మిగతా ఇళ్ళకి ఆలస్యమవుతుందేమో బాబాయ్ గారూ" అన్నాడు అయ్యగారు. "అవనివ్వండి" అన్నాడు టైంకీపరు. స్టూలు మీద తెల్లబట్ట పరిచి ఉంది. మూల చిరుగు లోపలికి మడిచి ఉంది. పాపాల ఒప్పుకోలు మాటలు ముసలావిడ అందరికన్నా ఒక మాట వెనకగా పలికింది, ఊపిరి అందక. అయ్యగారు ఆవిడ కోసం ఆగి, ఆవిడతో కలిసి పలికాడు. అయ్యగారు పాపక్షమాపణ మాటలు పలికినప్పుడు ఆవిడ కళ్ళు తెరిచి ఆయన మొహంలోకే చూసింది, మళ్ళీ చెప్పించుకోవాలన్నంత శ్రద్ధగా. రొట్టె తీసుకుంది. గిన్నె ఎత్తలేకపోతే నర్సమ్మ చెయ్యి కింద పట్టింది.

పాట మేనకోడలు ఎత్తుకుంది. ముసలావిడ పెదాలు కదిలాయి.

అయ్యాక అందరూ లేస్తుంటే ఆవిడ వేలితో టైంకీపరుని పిలిచింది.

"రాసుకో. కూరల కొట్టు వెనక ఇంట్లో, లిఫ్టు నడిపేవాడి తల్లి. తుంటి విరిగింది, రెండు నెలలైంది. మీకెవరికీ తెలియదు. ఆవిడకి గట్టిగా మాట్లాడితే భయం."

ఆయన ఓ కాగితం ముక్క మీద రాసుకున్నాడు. గట్టిగా మాట్లాడితే భయం అన్నది కూడా రాసుకున్నాడు.

"ఇంకొకతను ఉన్నాడు. బడి పక్కన..." అని ఆవిడ ఆగింది. కళ్ళు మూతలు పడ్డాయి. గుండె మీద దుప్పటి మెల్లగా లేచి పడుతోంది.

"నిద్రపట్టింది" అంది మేనకోడలు. "లేచాక చెప్తుంది లెండి. మీకు ఇంకా పద్నాలుగు ఇళ్ళున్నాయి."

ఆయన అయ్యగారి కేసి చూశాడు. "నర్సమ్మకి ఇళ్ళన్నీ తెలుసు" అని, నీలం అట్ట పుస్తకం ఆమె చేతికిచ్చాడు. "పక్కన రాసినవి చదువుకుంటూ వెళ్ళండి."

వాళ్ళు మెట్లు దిగిన చప్పుడు వినపడ్డాక, తెల్లబట్టని మడిచి మిషను మీద పెట్టి, కాగితం ముక్క మోకాలి మీద పెట్టుకుని, స్టూలు మీద కూర్చున్నాడు.