పదిహేడో నంబరు బెండు

మీటరు తొమ్మిది పాయింట్ నాలుగు చూపించింది. ఆమె పైపు మీద జెల్ తుడిచి, మళ్లీ రాసి, మీటరు ప్రోబ్ మళ్లీ ఆనించింది. తొమ్మిది పాయింట్ నాలుగే. జేబులో ఉంచుకునే ఉక్కు ముక్క తీసి దాని మీద మీటరును సరిచూసుకుంది. మీటరు సరిగ్గానే ఉంది. ఆ పైపు గోడ కొత్తలో ఇరవై మిల్లీమీటర్లు. పన్నెండుకు తగ్గితే వాడకూడదని రూలు.

అణు విద్యుత్ కేంద్రంలో పైపుల మందం కొలవడం ఆమె ఉద్యోగం. పదకొండేళ్లుగా అదే పని కాబట్టి అందరూ ఆమెను కొలతలమ్మ అనేవారు. మరమ్మతుల కోసం ప్లాంటు ఆపి అప్పటికి పదమూడు రోజులైంది. ఆమె కొలుస్తున్న పదిహేడో నంబరు బెండు, అంటే పైపు వంపు, టర్బైన్ హాల్లో నడిచే దారికి సరిగ్గా నెత్తి మీద ఉంటుంది. అందులో రేడియేషన్ ఉండదు. ప్లాంటు నడిచేటప్పుడు సలసల కాగే నీళ్లు ఉంటాయి, కారు టైరులో గాలికి ముప్ఫై రెట్ల ఒత్తిడితో. రియాక్టర్ వేడిని లాక్కునే బాయిలర్లకు వెళ్లే నీళ్లు అవే. ఏళ్ల తరబడి ఆ నీళ్లు వంపు దగ్గర ఒరుసుకుంటూ పోయి లోపలినుంచి ఇనుమును తినేస్తాయి. పైనుంచి చూస్తే మాత్రం పైపు గుండ్రాయిలా ఉంటుంది.

ఆ బెండుకు అప్పటికే రెండుసార్లు అతుకు పడింది. పల్చబడ్డ చోట బయటినుంచి వెల్డింగుతో పొరలు పొరలుగా ఇనుము పోసి దళసరి చేశారు. రెండుసార్లూ ఆ పని చేసింది ఆమె సొంత చిన్నాన్న. అతుకు ఉన్నంతమేరా మందం బాగానే ఉంది. అది దాటితే జానెడు లోపే తగ్గిపోయింది.

మెయింటెనెన్స్ మేనేజరు ఆమె అంకెలు రాసిచ్చిన కాగితం చూసి కనుబొమ్మ కూడా కదపలేదు. అన్నిటికీ ‘సర్దుకుపోదాం’ అంటాడని ఆయనకు సర్దుబాటు సారని పేరు.

“ఏముందమ్మా, ఇంకో అతుకేయిద్దాం.”

“కొత్త బెండు స్టోర్స్‌లో ఉంది సార్. మంచి ఉక్కుది. వచ్చి ఆరేళ్లయింది. పెట్టె కూడా విప్పలేదు.”

“ఉంటే? పాతది కోయాలి, కొత్తది అతికించాలి, ఎక్స్‌రేలు తియ్యాలి, ప్రెషర్ టెస్టు చెయ్యాలి. తొమ్మిది రోజులు. మొత్తం ఇరవై రోజుల్లో ప్లాంటు లేపుతానని పైవాళ్లకి మాటిచ్చాను.”

“ఆ పైపు కింద నడిచేది పైవాళ్లు కాదు కదా సార్.”

ఆయన నవ్వాడు. “బాగుచెయ్యగలిగినదాన్ని మార్చడమెందుకు? అతుకెయ్యడం తప్పని ఏ రూల్లో ఉంది?”

“మొదటిసారి తప్పు కాదు. కొత్తది వచ్చేదాకా అని వేశారు. ఆ కాగితం మీద తాత్కాలికం అనే రాసుంది. ఎనిమిదేళ్ల క్రితం కాగితం అది.”

“మీ చిన్నాన్న చేతిపని మీద నీకే నమ్మకం లేకపోతే ఎలాగమ్మా?”

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. “నేను సంతకం పెట్టను,” అని కాగితం లాక్కుని వచ్చేసింది.

ఆ సాయంత్రం చిన్నాన్న ఇంటికి వెళ్లింది. సర్దుబాటు సారు అప్పటికే ఆయన చెవిలో వేయాల్సింది వేసేశాడు. పిన్ని ముగ్గురికీ కంచాలు పెట్టింది. చిన్నాన్న తలెత్తలేదు.

“నా వెల్డు పనికిరాదని రాశావట.”

“నీ వెల్డు గురించి ఒక్క ముక్క రాయలేదు. దాని పక్కనున్న పైపు గురించి రాశాను.”

“ముప్ఫై ఏళ్లు. నేను వేసిన జాయింటు ఒక్కటి కారలేదు. నిన్ను చెయ్యి పట్టుకుని ఆ గేట్లోకి తీసుకెళ్లినవాణ్ణి నేను. నువ్వే నా పరువు తీస్తావా?”

“ఆయన నిన్ను మునగచెట్టెక్కిస్తున్నాడు చిన్నాన్నా! నీ పనితనం అడ్డం పెట్టుకుని ఎనిమిదేళ్లుగా తప్పించుకు తిరుగుతున్నాడు. అది కనపడట్లేదా?”

“తినడానికి కూర్చున్నారా, కొట్టుకోడానికా?” అంది పిన్ని.

చిన్నాన్న కంచం ముందుకు తోసి లేచిపోయాడు. ఆయన వీపు చూస్తూ ఆమె అరిచింది. “రేపొచ్చి నువ్వే ప్రోబ్ పట్టుకుని చూడు! అప్పుడు తిట్టు నన్ను!”

పొద్దున్నే ఆమె వెళ్లేసరికి పదిహేడో బెండు దగ్గర పని అనుమతి కాగితం వేలాడుతోంది. దాని మీద ఆమెలాగే కొలతలు తీసే ఇంకో ఉద్యోగి సంతకం ఉంది. మందం పన్నెండు పాయింట్ మూడు. పైపు మీద తాను సుద్దతో వేసిన గుర్తు చెరిపేసి ఉంది. కొత్త గుర్తు అతుకు అంచుకు ఆనించి గీశారు. ఎందుకలా చేశారో ఆమెకు వెంటనే తెలిసింది. పన్నెండు దాటిందంటే, అణు కేంద్రాలను తనిఖీ చేసే ప్రభుత్వ భద్రతా సంస్థ ఇన్‌స్పెక్టరుకు చెప్పనక్కర్లేదు. ముందుజాగ్రత్త అతుకు అని రాసుకుని మధ్యాహ్నానికి ముగించేయవచ్చు.

ఆమె కోపంగా జెల్ డబ్బా మూత తీసింది. పరంజా మీద నిలబడి, తన గుర్తు చెరిపేసిన చోట మళ్లీ జెల్ రాసింది.

చిన్నాన్న ఎక్కి వచ్చాడు. ఆమె ప్రోబ్ ఆయన చేతిలో పెట్టింది. ఆయన కొత్త సుద్ద గుర్తు మీద ఆనించాడు. పన్నెండు పాయింట్ మూడు. ఆయన ముఖం కాస్త తేలికపడింది. వేలి మందాన పక్కకు జరిపాడు. పదకొండు. ఇంకాస్త. పది పాయింట్ రెండు. తొమ్మిది పాయింట్ నాలుగు. తొమ్మిది పాయింట్ ఒకటి. ఆయన గ్లవ్ తీసేసి, ఏదో తగులుతుందేమోనన్నట్టు పైపును బొటనవేలితో తడిమాడు. కింద హాలు ఊడ్చేవాళ్లు ఇద్దరు కబుర్లు చెప్పుకుంటూ పోతున్నారు. ఆయన వాళ్లనే చూస్తూ ఉండిపోయాడు.

“నా అతుకు అంచు నుంచే మొదలైంది.”

“అది నీ తప్పు కాదు చిన్నాన్నా.”

“నోరుముయ్. నా తప్పేదో నాకు తెలుసు. రెండోసారి రమ్మన్నప్పుడే అడగాల్సింది, కొత్తదెక్కడరా అని. పొగిడారు, ఊరుకున్నాను.”

సర్దుబాటు సారు కిందనుంచి కేకేశాడు. “ఏం పెద్దాయనా, ఇంకా మొదలెట్టలేదా?”

చిన్నాన్న వెల్డింగ్ హోల్డరు పట్టుకుని దిగాడు. దాన్ని తీసుకెళ్లి ఆయన బూట్ల ముందు పెట్టాడు.

“నేనెయ్యను.”

“అలిగావా? నీలాంటి చెయ్యి ఈ ప్లాంటులో...”

“నా చెయ్యి గురించి ఇంకొక్క మాటన్నావంటే బాగుండదు.” ఇన్నేళ్లూ ఆయన్ని ‘మీరు’ తప్ప అనని మనిషి. ఊడ్చేవాళ్ల చీపుళ్లు ఆగిపోయాయి. “పన్నెండు పాయింట్ మూడని రాయించావుగా? అంత గట్టిదైతే, ప్లాంటు లేచాక నీ కుర్చీ, నీ టేబులు, నీ ఫోనూ తెచ్చి ఈ పైపు కింద వేసుకో. నెల్లాళ్లు ఇక్కడే కూర్చుని పనిచెయ్యి. అప్పుడేస్తాను అతుకు.”

సర్దుబాటు సారు ముఖం కందగడ్డయింది. మిగతా వెల్డర్ల వైపు తిరిగాడు. ముగ్గురున్నారు. ఒకడు తన హెల్మెట్ బెల్టు సర్దుకోసాగాడు. ఇద్దరు నేల చూశారు. హోల్డరు ఎవరూ ముట్టుకోలేదు.

ఈలోపు కొలతలమ్మ భద్రతా సంస్థ ఇన్‌స్పెక్టరుకు ఫోన్ చేసింది. మీటరు తాను చూపిన ప్రతి అంకెనూ టైముతో సహా దాచుకుంటుంది. గంటలో ఆయన వచ్చి, ఆ అంకెలన్నీ చూసి, తనే పరంజా ఎక్కి కొలిచాడు. దిగి వచ్చి, బెండు మార్చేదాకా ప్లాంటు లేపకూడదని అక్కడికక్కడే రాసిచ్చాడు.

తొమ్మిది రోజులన్నది పదకొండు పట్టింది. కొత్త బెండును చిన్నాన్నే అతికించాడు. పాతదాన్ని కోసి దింపిన రోజు అందరూ చుట్టూ చేరారు. లోపలంతా గుంటలు గుంటలుగా ఉంది. అతుకు అంచు ఎగుడుదిగుడు వల్ల పైనుంచి ప్రోబ్ ఆనని ఒకచోట గోడ ఆరు మిల్లీమీటర్లే మిగిలింది. గండం గడిచిందని ఎవరో అన్నారు. ఆమెకు మాత్రం కోపం ఇంకా పెరిగింది. దాని కింద రోజూ ఎంతమంది నడిచారో, తను ఎన్నిసార్లు నడిచిందో లెక్కేసుకోబోయి మానేసింది.

ప్లాంటు లేచాక పెద్ద హాల్లో సభ పెట్టారు. సర్దుబాటు సారు మైకు అందుకున్నాడు. “వయసు మీదపడ్డ భాగాలను ముందుచూపుతో మార్చగలిగాం,” అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆమె వెనక వరుసలో లేచి నిలబడింది.

“ముందుచూపు ఎవరిది సార్?”

చప్పట్లు ఆగాయి.

“అదే వయసు బెండ్లు ఇంకా ఇరవై రెండున్నాయి. అందులో పద్నాలుగింటిని ప్లాంటు కట్టిన దగ్గర్నుంచి ఎవరూ ఒక్కసారి కూడా కొలవలేదు. ఎప్పుడు కొలుద్దాం?”

“కూర్చోమ్మా, తర్వాత మాట్లాడదాం.”

“తర్వాతంటే ఎప్పుడు? తారీఖు చెప్పండి, కూర్చుంటాను.”

ఆయన చెప్పలేదు. ఆమె కూర్చోలేదు. చిన్నాన్న ఆ వరుసలోనే చివర ఉన్నాడు. ఆయన కూడా లేచాడు. ముందు వరుసలో భద్రతా సంస్థ ఇన్‌స్పెక్టరు పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు.

తప్పు అంకె రాసిన మనిషిని పనిలోంచి తీసేశారు. రాయించిన మనిషి ఆరు నెలల తర్వాత ప్రధాన కార్యాలయంలో ఇంకా పెద్ద కుర్చీకి వెళ్లాడు. కొలతలమ్మను శిక్షణ తరగతులకు మార్చారు. గౌరవంగా చూసుకుంటున్నామన్నారు. తర్వాతి షట్‌డౌన్‌లో ఆ పద్నాలుగు బెండ్లూ ఇంకెవరో కొలిచారు. వాటిలో నాలుగు మార్చాల్సి వచ్చింది.

ఆ కబురు చెప్పడానికి పిన్ని ఫోన్ చేసింది. “ఇకనైనా సంతోషమేనా నీకు?”

“నాలుగు, పిన్నీ,” అంది ఆమె. “నాలుగు!”

తన పాత పని తనకు ఇవ్వమని రెండుసార్లు దరఖాస్తు పెట్టింది. రెండుసార్లూ కుదరదన్నారు. మూడోది ఈ సోమవారం తనే తీసుకెళ్లి, కొత్త మేనేజరు చేతిలో పెట్టి, అందినట్టు సంతకం చేయించుకుని వచ్చింది.