సగం ఎత్తిన షట్టరు

ఇటు జరగండి, నా మోకాలికి ఆనుకుని కూర్చోండి. ఇది మెల్లగా చెప్పే కథ కాదు. ఎప్పుడు చెప్పినా నాకు గొంతు లేస్తుంది, లేవనివ్వండి.

ఒక వదిన, ఒక మరిది. ఇద్దరికీ కలిపి ఒక కుట్టు దుకాణం. మరిది గుడ్డ కత్తిరిస్తాడు, వదిన కుడుతుంది. వదిన కాలు విరిగితే, ఆమె లేనిదే ఒక్క చొక్కా కూడా పూర్తికాక దుకాణం మూడు వారాలు మూతపడింది. మూసిన చోట పిచ్చుక ఊరుకుంటుందా? షట్టరు చుట్టుకునే చోట, ఇనుముకూ గోడకూ మధ్య సందులో గూడు పెట్టేసింది.

తెరిచిన రోజున వదిన ఇంకా కుంటుతూనే ఉంది. మరిది ఎప్పటిలాగే రొమ్ము విరుచుకుని షట్టరును ఒక్క ఊపున పైకి తోశాడు. రేకు చుట్టుకుని లావెక్కి గూడును బయటికి నెట్టేసింది. గడ్డీ గాదమూ జలజలా రాలాయి. వాటితోపాటు ఒక పిల్ల గుడ్డపీలికల కుప్ప మీద పడింది. ఈకలు అప్పుడే ముళ్ళలా పొడుచుకొస్తున్నాయి. ఒళ్ళంతా నోరే.

"చీపురిలా ఇవ్వు వదినా," అన్నాడు మరిది. "ఊడ్చి పారేస్తా. కుట్టిన బట్టల మీద రెట్టలు వేస్తే ఎవడు కడుగుతాడు?"

వదినకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇరవై ఏళ్ళుగా అతని మాటలు మింగుతూనే ఉంది. అతను కొలత తప్పితే తిట్లు ఆమెకు, కుట్టు కుదిరితే పేరు అతనికి. ఈ పూట మాత్రం మింగుడు పడలేదు.

"ముందు ఆ షట్టరు దింపు."

"దింపితే దుకాణం ఎలా నడుస్తుంది?"

"సగానికి దింపు! రేకు చుట్ట సన్నబడితే గూటికి చోటొస్తుంది. దింపుతావా, ఈ గజంబద్ద నీ వీపున విరగ్గొట్టమంటావా?"

దింపాడు. వదిన దారపురీళ్ళ అట్టపెట్టెలో రాలిన గడ్డినే పేర్చి, పిల్లను అరచేతిలోకి తీసుకుంది. దాని గుండె టకటకా కొట్టుకుంటోంది.

"ముట్టుకున్నావుగా," అన్నాడు మరిది సంబరంగా. "నీ చేతికంతా మెషిన్ నూనె కంపు. ఇక తల్లి దాని దగ్గరికి రాదు."

"ఈ కంపు చేత్తోనే నీకు మూడుపూటలా వండి పెడుతున్నా. ఒక్క పూటైనా రాకుండా ఉన్నావా?"

వదిన స్టూలును షట్టరు కిందికి లాగింది.

"స్టూలు పట్టుకో. కదిలిందో, నీ మీదే పడతా."

కుంటికాలితోనే ఎక్కి, పెట్టెను సందులో పెట్టి నాడాతో బిగించి కట్టింది. దిగి కూర్చుంది. అరగంటైంది, గంటైంది, తల్లి జాడ లేదు. పైనుంచి వచ్చే కూత సన్నబడుతోంది. ఒకవేళ వీడన్నదే నిజమైతే? ఆ అనుమానానికి వదిన కోపం రెట్టింపయింది. సూదిలోకి దారం ఎక్కించబోయి రెండుసార్లు తప్పింది.

అప్పుడు వచ్చింది పిచ్చుక. ముక్కున పురుగుతో వచ్చి, అటూ ఇటూ చూసి, తిన్నగా పెట్టెలోకి దూరింది.

"చూశావా!" అని అరిచింది వదిన. వీధంతా వినబడింది.

అలా పన్నెండు రోజులు షట్టరు సగంలోనే ఆగింది. "వంగి వంగి ఎవడొస్తాడు మన దుకాణానికి?" అని మరిది సణిగాడు. "నడుమున్న ప్రతివాడూ వస్తాడు," అంది వదిన. ఎవరికీ తల వంచని మరిది రోజూ తన దుకాణంలోకి తనే వంగి వచ్చాడు. మరిచిపోయినప్పుడల్లా నుదుటికి ఒక బొప్పి. మూడోరోజు షట్టరు మీద చెయ్యి వేయబోతే, "ఎత్తు, ఎత్తి నువ్వే కుట్టుకో," అంది. చెయ్యి వెనక్కి వెళ్ళింది.

పదమూడోనాడు పిల్ల ఎగిరి మెషిన్ చక్రం మీద వాలింది, అక్కణ్ణుంచి వీధిలోకి తుర్రుమంది. "పో, పో, మళ్ళీ ఈ కొంప గడప తొక్కకు!" అని కసిరింది వదిన, ముక్కు ఎగబీలుస్తూ.

సాయంత్రం ఒకావిడ షట్టరు ఇన్నాళ్ళూ సగంలోనే ఎందుకుందని అడిగింది. మరిది చెయ్యి గుండెల మీద పెట్టుకున్నాడు. "నేనే ఆపించానండీ. ప్రాణం కదా!"

సొమ్మొకడిది, సోకొకడిది! మెషిన్ మీద వదిన కాలు ఆగిపోయింది. "అమ్మా," అంది ఆవిడతో, "మనసు పుట్టి వంగినవాడికి నుదుటి నిండా అన్ని బొప్పులెందుకుంటాయో అడగండి."

ఆ మరిది ఇప్పటికీ ఆ కథను తన కథగానే చెప్పుకు తిరుగుతున్నాడు. అందుకే నా కడుపుమంట. మీరు రేపు ఎవరికైనా చెబితే మరిచిపోకుండా సరిగ్గా చెప్పండి: షట్టరు ఎత్తింది మరిది, దింపించింది వదిన.