మామ కాలి మందు

పదిహేను రోజులు రావాల్సిన ట్యూబు పదకొండో రోజుకే అయిపోయింది. లోహిత దాన్ని అడుగు నుంచి చుట్టుకుంటూ వచ్చింది, చపాతీకర్రతో ఒత్తింది, మూతి దగ్గర గోరు పెట్టి గీకింది. వచ్చింది ఆవగింజంత.

మందు ఆమెది కాదు, మామ మునిరామయ్యది. బంగారుపాళ్యం పక్కన మామిడితోట ఉన్న రైతు ఆయన. చక్కెర జబ్బు. తోటలో మేకు గుచ్చుకుంటే నొప్పి తెలీక మూడు రోజులు అట్లాగే తిరిగాడు. ఎడమకాలి బొటనవేలి కింద పుండు పడింది, నెలన్నర దాటినా మానలేదు. చివరికి తిరుపతిలో డాక్టరు ధనంజయ చూసి ఒక జెల్లు రాశాడు.

"దీన్ని గ్రోత్ ఫ్యాక్టర్ అంటారు. కొత్త చర్మం పుట్టించమని ఒంటికి కబురు చెప్పే పదార్థం. మన ఒంట్లోనూ ఉంటుంది గానీ ఈ పుండుకి అది చాలడం లేదు. రోజూ పొద్దున పుండు కడిగి పూయండి. ఫ్రిజ్జులోనే ఉంచండి. కాలు కింద మోపొద్దు. పదిహేను రోజులకీ దారికి రాకపోతే వేలు తీసెయ్యాల్సిందే" అన్నాడు. ట్యూబును ఐసు వేసిన ఫ్లాస్కులో పెట్టి ఇచ్చారు.

అత్త తిరుమలమ్మకి చూపు ఆనదు. లోహిత మొగుడు మామిడి గుజ్జు డ్రమ్ముల లారీ ఎక్కితే వారానికి గానీ దిగడు. కట్టు కట్టే పని లోహిత మీద పడింది. అక్కడిదాకా బాగానే ఉంది. కానీ కొత్త చర్మం పుడుతుందన్న మాట ఆ పిల్ల చెవిలో దూరి అక్కడే కాపురం పెట్టింది.

ఎందుకంటే అంతకు ముందు వారమే తోతాపురి మామిడికాయ తొడిమ విరుస్తుంటే సొన చిమ్మి ఆమె కుడి చెంప కాలింది. రూపాయి బిళ్ళంత నల్లమచ్చ. ముందర చెల్లెలి పెళ్ళి, వీడియో తీసేవాడు మొహం మీదికే లైటు కొడతాడు. చిత్తూరులో బ్యూటీ పార్లరు పెట్టిన పుట్టింటి ఊరి పిల్ల స్రవంతి ఫోనులో "సినిమావాళ్ళు పూసుకునే ఫారిన్ క్రీముల్లో ఉండేది గూడా అదేనక్కా" అంది. ఇంకేం కావాలి? మొదటి రోజు పప్పుబద్దంత తీసుకుంది. మూడో రోజుకి బద్ద కాస్తా నిండు గింజయింది. వారానికి మామ కాలికెంతో కోడలి చెంపకీ అంతే.

పైగా మచ్చ నిజంగానే తగ్గసాగింది. "మొకం కళకళలాడతా ఉండాదే! ఏం పూస్తా ఉండావు?" అని అత్త అడిగినప్పుడు, పొంగిపోవాల్సిన కోడలు కొంగుతో చెంప కప్పుకుంది.

ఇప్పుడు ట్యూబు ఖాళీ. ఇంకోటి కావాలంటే డాక్టరు చీటీ కావాలి, ఎందుకని అడుగుతారు. లోహిత నాలుగు రోజులు పుండు కడిగి, మందు లేకుండా ఉత్త గుడ్డే చుట్టింది.

"సల్లగా ఉండాదమ్మా" అనేవాడు మునిరామయ్య, కాలు ఆమె ఒళ్ళో పెట్టి.

ఆ పాదానికి స్పర్శే లేదని ఆమెకు తెలుసు. ఆయనకీ తెలుసు. కోడలు సంతోషిస్తుందని అనే మాట అది. ఆ మాట విన్నాక ఆమెకు అన్నం సహించలేదు. కన్ను మూస్తే వేలు లేని పాదం కనబడేది.

పదహారో రోజున మామాకోడళ్ళిద్దరూ తిరుపతి బస్సెక్కారు. డాక్టరు కట్టు విప్పుతుంటే లోహిత గోడవైపు తిరిగింది.

"కొంచెం తగ్గింది, చాల్లేదు" అన్నాడాయన. "మానకుండా పూశారా?"

"ఒక్క దినం గూడా తప్పలేదు సామీ. మా కోడలు నా కూతురికన్నా ఎక్కువ" అన్నాడు మునిరామయ్య.

"ట్యూబంతా పూసినా ఇంతేనంటే మీకు ఈ మందు పనిచెయ్యడం లేదన్నమాట. అందరికీ చెయ్యదు. ఇంకా చూస్తూ కూర్చుంటే ఎముకకు పాకుతుంది. రేపే వేలు తీసేద్దాం" అంటూ డాక్టరు చీటీ రాయడం మొదలుపెట్టాడు.

"వేలు లేకుంటే సెట్టెక్కలేనా సామీ?" అని పిల్లాడిలా అడిగాడు మామ.

లోహిత మనసులో లెక్కేసుకుంది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదు, వేలొక్కటే పోతుంది. తెరిస్తే అత్తకు తెలుస్తుంది, మొగుడికి తెలుస్తుంది, ఇంట్లో ఉండనిస్తారో లేదో. పెన్ను కాగితం మీద నడుస్తూనే ఉంది.

"పుయ్యలేదు సార్" అంది. "నాలుగు దినాలు ఉత్త గుడ్డ కట్టినాను. అంతకు ముందు గూడా సగం నా మొకానికే పూసుకున్నాను. సొన మచ్చ పోతాదని."

డాక్టరు పెన్ను ఆపి ఆమె చెంప వంక చూశాడు. "సొన మచ్చ కొన్నాళ్ళకు దానంతటదే పోతుందమ్మా! పుండు లేనిచోట పై చర్మం దాటి ఈ మందు లోపలికి పోయేదే బహు తక్కువ" అన్నాడు విసుగ్గా. చీటీ చించేసి ఇంకోటి రాశాడు. "సగం మందుకే ఈమాత్రం తగ్గిందంటే ఆశ ఉంది. ఇంకో పదిహేను రోజులు చూద్దాం."

అంటే దొంగిలించిందంతా బూడిదలో పోసిన పన్నీరే. లోహితకు ఏడవడానికి కూడా భయమేసింది.

బస్సులో మునిరామయ్య కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. తిట్టినా బాగుండుననిపించింది ఆమెకు. ఇల్లు చేరాక పెళ్ళాంతో "ఇంకో ట్యూబు రాసిచ్చినాడు" అని మాత్రం అన్నాడు.

వేలు నిలిచిందా అంటే నిలిచింది, నెల పైనే పట్టినా. కానీ చెప్పాల్సింది మర్నాటి పొద్దుటి సంగతి. లోహిత నీళ్ళ గిన్నె పెట్టుకుని మంచం దగ్గర కూర్చుంది. కాలు ఇస్తాడో ఇవ్వడో అని చూసింది. మునిరామయ్య ఎప్పటిలాగే కాలు ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె పుండు కడిగి ట్యూబు మూత తీసింది. ఆయన చెయ్యి చాపాడు.

"నువ్వే పుయ్యమ్మా" అన్నాడు. "పిండేది మాత్రం నేను పిండుతా."