గూఢచారిణి గౌను

తూర్పు బెర్లిన్ సినిమా స్టూడియో ఒకదానిలో దుస్తుల విభాగానికి గెర్లిండ్ ఫాబ్రిట్స్ పెద్ద దిక్కు. యుద్ధం ముగిసిన కొత్తలో, గుడ్డముక్క దొరకని రోజుల్లో, నాటకశాల తెరలు కత్తిరించి రాజులకూ రాణులకూ అంగీలు కుట్టిన మనిషి. అంతటి మనిషికి నడివయసులో ఒక ట్రాక్టర్ సినిమా వచ్చిపడింది.

కథ సులువే. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఒక ఇంజనీరు. అతన్ని ప్రేమించే కార్మికురాలు. మధ్యలో పశ్చిమ జర్మనీ నుంచి దిగిన గూఢచారిణి. ఆమె మోజులో పడి ఇంజనీరు ఫ్యాక్టరీ రహస్యాలు చెప్పేస్తాడు, తర్వాత కుమిలిపోతాడు. గెర్లిండ్ గూఢచారిణికి ఆకుపచ్చ పట్టుగౌను కుట్టింది. కార్మికురాలికి మామూలు నీలం పనిబట్టలు.

తీసినంతవరకు, సినిమాలను తనిఖీ చేసే పార్టీ కమిటీకి చూపించారు. లైట్లు వెలగ్గానే కమిటీ పెద్ద నోయబర్ట్ గొంతు సవరించుకున్నాడు.

"కామ్రేడ్ ఫాబ్రిట్స్, ఆవిడ తెరమీద ఉన్నంతసేపూ ఎవరైనా ట్రాక్టర్ వంక చూశారా?"

"మీరు చూడలేదా కామ్రేడ్?"

"నా సంగతి వదిలేయండి! శత్రువు అంత అందంగా ఉంటే జనం ఏమైపోతారు? ఆవిణ్ణి కాస్త తగ్గించండి. మన అమ్మాయిని కాస్త పెంచండి."

గెర్లిండ్ తగ్గించింది. బంగాళాదుంపల గోనె రంగులో, గడ్డం దాకా బొత్తాలున్న కొత్త గౌను తయారైంది. గూఢచారిణి వేషం వేస్తున్న ఇజోల్డె అద్దంలో చూసుకుని లబోదిబోమంది.

"అక్కా, ఇది వేసుకుని మగాణ్ణి వల్లో వేసుకోవాలా? వల చాలదు, తాడు కట్టి లాక్కెళ్ళాలి!"

"తాళ్ళు నా దగ్గర ఉండవమ్మా. సామాన్ల గదిలో అడుగు," అంది గెర్లిండ్, నోట్లో గుండుసూదులతోనే.

కార్మికురాలి పనిబట్టలకు నడుము దగ్గర రెండు మడతలు పట్టింది, భుజాలు తీర్చింది. ఆ పిల్ల కళకళలాడిపోయింది.

ఈసారి చూపించినప్పుడు, అంత చక్కని పిల్లను వదిలేసి ఇంజనీరు గోనెసంచీ వెంట పరిగెత్తేసరికి హాలంతా గొల్లున నవ్వింది. నోయబర్ట్ మొహం కందగడ్డ అయింది.

"మన ఇంజనీరు ఇప్పుడు వెర్రివాడిలా ఉన్నాడు! ఈ దేశంలో ఇంజనీర్లు వెర్రివాళ్ళా?"

"మరి నన్నేం చేయమంటారు?"

"ఆవిడ ఇంజనీరుకి అందంగా కనపడాలి. ప్రేక్షకులకి కనపడకూడదు."

గెర్లిండ్‌కు నవ్వు కూడా రాలేదు. ఇన్నేళ్ళ పనిలో అంత నీరసం ఆమెకు ఎప్పుడూ కలగలేదు. అయినా రెండు రోజులు కిందామీదా పడి, గౌను జోలికి పోకుండా, ఇంజనీరు ముక్కుమీద సీసా అడుగంత మందం కళ్ళజోడు పెట్టింది. గూఢచారిణి రాగానే అతను కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుంటాడు. అంతే, ఇక చూపు ఆనదు, ప్రేమలో పడతాడు.

నోయబర్ట్ ఎగిరి గంతేశాడు. "భేష్! మేధావుల చూపు ఎప్పుడూ బలహీనమే! నేను చెప్పాలనుకున్నది సరిగ్గా ఇదే!"

సినిమా ఆడింది. కానీ జనానికి పట్టుకున్నది ఇంజనీరు పశ్చాత్తాపం కాదు, కార్మికురాలి నడుము. ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళంతా పనిబట్టలు బిగించి కుట్టించుకున్నారు. వంగి బోల్టు బిగించేవాళ్ళు కరువయ్యారని మేనేజర్లు మొరపెట్టుకున్నారు. "మన అమ్మాయిని పెంచమన్నది ఎవరు?" అని కమిటీలో అడిగితే నోయబర్ట్ కిటికీలోంచి బయటికి చూశాడు. గెర్లిండ్‌ను ఎక్కడో దూరంగా, సాక్సనీ ప్రాంతంలో ఒక చిన్న ఊరి పిల్లల నాటకశాలకు బదిలీ చేశారు.

ఏడుస్తూ వెళ్ళింది. అక్కడ తోడేలు వేషం కుట్టమన్నారు. ఎవరో పారేసిన బొచ్చుకోటు విప్పి ఆమె కుట్టిన తోడేలును చూసి పిల్లలు కెవ్వుమని బెంచీల కింద దూరారు, మళ్ళీ కావాలని గోలపెట్టారు. తన పని చూసి జనం అలా ఊగిపోవడం గెర్లిండ్ ఎప్పుడూ చూడలేదు.

ఆట అయ్యాక ఊరి కమిటీ ఆవిడ వచ్చింది. "తోడేలు కోటు మరీ దర్జాగా ఉంది కదండీ?"

"మేకల్ని దోచుకుని సంపాదించిందండీ."

"అలాగా! అయితే సరే," అని ఆవిడ తృప్తిగా వెళ్ళిపోయింది. పిల్లలు పీకేసిన తోక కుట్టడానికి గెర్లిండ్ సూదిలో దారం ఎక్కించుకుంది.