మాట మీద గురి

ఆ వీధి ఆడవాళ్లందరికీ దర్జీ అక్క దగ్గర చనువెక్కువ. టేపు పట్టుకుని కొలతలు తీసుకుంటూనే ఇంటి గుట్లన్నీ రాబట్టేది. ఒకరి గుట్టు ఇంకొకరి చెవిన వేసేది కాదు. అందుకే ఆమె మాటంటే అందరికీ గురి. ఆ గురే చివరికి ఆమె కొంప ముంచింది.

కానుకల బృందం సంగతి మోసుకొచ్చింది రిటైరైన టీచరమ్మ. కొత్తగా చేరిన ఎనిమిదిమంది తలా ఇంత డబ్బు కానుకగా పైనున్న మనిషికిస్తారు. ఆమె పుచ్చుకుని తప్పుకుంటుంది. కిందివాళ్లు ఒక్కో మెట్టూ పైకెక్కుతారు.

"ఆడవాళ్లం ఒకరికొకరం సాయపడటమే కదా. కానుకివ్వడం కూడా నేరమేనా?" అంది టీచరమ్మ, కొత్త జాకెట్టు భుజాలు అద్దంలో చూసుకుంటూ.

దర్జీ అక్క తన కానుక టీచరమ్మకే ఇచ్చింది. తర్వాత షాపుకొచ్చిన వాళ్లందరికీ నూరిపోసింది. తన వంతు రానే వచ్చింది గానీ ఎనిమిదో మనిషి దొరకలేదు. అప్పుడు పైవాటాలో ఉండే సొంత చెల్లెలు గుర్తొచ్చింది. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే మనిషి.

"అది ఆయన చెవి మిషన్ కోసం దాచింది అక్కా," అంది చెల్లెలు.

"చెవి మిషన్ ఎక్కడికి పోతుందే? నీ వంతొచ్చాక రెండు చెవులకీ కొందువుగాని."

చెల్లెలు ఇచ్చేసింది. దర్జీ అక్క కొత్త కుట్టుమిషను కొంది, షాపుకి రంగులు వేయించింది. కొన్నాళ్లకి చేరేవాళ్లు కరువయ్యారు. చెల్లెలు చూసి చూసి కిందికి దిగొచ్చింది.

"నాకు లాభం వద్దక్కా. నాది నాకిచ్చెయ్యి."

మిషను ఆపకుండానే దర్జీ అక్క అంది: "ఇచ్చిన కానుక ఎవరైనా తిరిగి అడుగుతారటే?"

చెల్లెలు మెట్లెక్కింది. మర్నాడు ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని పోలీస్ స్టేషనుకెళ్లింది.

స్టేషనులో టీచరమ్మ చక్కగా చేతులు దులుపుకుంది. "నాకేం తెలుసండీ? నేను బట్టలు కుట్టించుకోడానికి వెళ్లేదాన్ని. మాట్లాడిందంతా ఆవిడే." అందులో అబద్ధం పోలీసులు వెతుకుదామన్నా దొరకలేదు. ఎవరినడిగినా దర్జీ అక్క చెబితేనే చేరామన్నారు. టీచరమ్మకి ఆమె ఇచ్చింది మాత్రం చూసినవాళ్లు లేరు. కేసు దర్జీ అక్క ఒక్కదాని మీదే పడింది.

"మీ చెల్లెలు ఇష్టపడే ఇచ్చానని ఒక్క మాటంటే కేసు నీరుగారిపోతుంది," అన్నాడు లాయరు.

దర్జీ అక్క సిగ్గు చంపుకుని పైకెళ్లింది. ఏ గొడవా చెవిన పడని మరిది కిటికీ దగ్గర్నుంచి నోరారా పలకరించాడు. "రండి వదినా! కూర్చోండి, టీ పెడతాను." కూర్చోడానికి ఆమెకి ముఖం చెల్లలేదు.

చెల్లెలు అంతా విని, "ఇష్టపడే ఇచ్చాను. అదే చెప్తాను. నువ్వడిగావని ఇష్టపడ్డాను. అదీ చెప్తాను," అంది.

కోర్టులో అలాగే చెప్పింది. ఒక్క ముక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"ఇచ్చినదానికి ఎన్నో రెట్లు తిరిగొస్తుందని మీరు చెప్పారా?" అని జడ్జి దర్జీ అక్కనడిగాడు. లాయరు దగ్గాడు. ఎదురుగా చెల్లెలు. ఎన్ని కథలు చెప్పిన నోరో, అప్పుడు ఇంకో కథ చెప్పనని మొరాయించింది.

"చెప్పానండి," అంది.

జైలుకి పంపలేదు. మళ్లీ తప్పు చేస్తే మాత్రం లోపలే అన్నారు. జరిమానా వేసి, పుచ్చుకున్నదంతా ఎనిమిదిమందికీ తిరిగి కట్టమన్నారు. మిషన్లు అమ్మింది, షాపు ఖాళీ చేసింది. రెడీమేడ్ ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే పనిలో కుదిరింది. అక్కడ పక్క మిషను మీది మనిషి కూడా ఆమెతో కష్టసుఖాలు చెప్పుకోదు. కబురు ముందే చేరింది.

మొదటి జీతం అందగానే చెల్లెలి భాగం పట్టుకుని పైకెళ్లింది. చెల్లెలు గుమ్మంలోనే ఆపేసింది.

"కోర్టులో కట్టక్కా."

"ఒకే కప్పు కింద ఉండి కోర్టు దాకా ఎందుకే?"

"రసీదు ఇస్తారు."

మర్నాడు దర్జీ అక్క సగం రోజు జీతం పోగొట్టుకుని కోర్టు కిటికీ ముందు వరుసలో నిలబడింది. లోపలి గుమాస్తా తల ఎత్తకుండానే, "పుచ్చుకునే ఆవిడ మీకేమవుతుంది?" అనడిగాడు.

"ఫిర్యాదుదారు," అందామె.