కంటి మీది పొర

మా ఇంట్లో కొండచిలువ ఉందని తెలియగానే వచ్చినవాళ్ళు ముందు గుమ్మం వైపు చూస్తారు, తరువాత నా వైపు జాలిగా చూస్తారు. జాలిపడవలసింది పామును చూసి. దాని పేరు ముద్ద. భయమేస్తే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది, అందుకే ఈ జాతిని బాల్ పైథాన్ అంటారట. అది మా అమ్మాయి పెంచుకున్న పాము. అమ్మాయి ఇల్లు విడిచి ఏడాది దాటింది. అద్దెగది యజమాని పామును గడప తొక్కనివ్వనన్నాడు కాబట్టి ముద్ద నా నెత్తిన పడింది.

మా ఆయన దర్జీ. కోటు కుట్టడంలో ఆయన చేతికి తిరుగులేదు, నోటికి మాత్రం అదుపు లేదు. అమ్మాయి ఆయన దగ్గరే పని నేర్చుకుంది. తను ఒక్కతే మొదటిసారి కుట్టిన కోటును, అది కుట్టించుకున్న మనిషి ఒంటిమీద ఉండగానే, "ఇది కుట్టా, గోనెసంచి మూతా?" అంటూ ఈయన చంక దగ్గర కుట్లు విప్పేశాడు. అమ్మాయి మెడలోని టేపు తీసి బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. అప్పటినుంచి నాతో ఫోన్లో మాట్లాడుతుంది. నాన్న అన్న మాట ఎత్తితే ఫోను పెట్టేస్తుంది. ఈయనా తక్కువ తినలేదు. కూతురి ఊసే ఎత్తడు.

ఇన్నాళ్ళకు పామును ఒప్పుకునే ఇల్లు దొరికిందట. ఆదివారం వచ్చి ముద్దను తీసుకెళ్తానంది.

"లోపలికొస్తావా, గుమ్మంలోంచే పట్టుకుపోతావా?" అని అడిగాను.

"చూద్దాంలే అమ్మా" అంది.

ఆ ఒక్క "చూద్దాంలే" పట్టుకుని వారమంతా బతికాను. ఒక్కసారి లోపలికి వచ్చి, ఆయన ఎదురుగా కూర్చుంటే చాలు. మిగతాది వాళ్ళే చూసుకుంటారు. ఇద్దరివీ ఒకే మూసలో పోసిన బుర్రలు, ఎవరో ఒకరు ముందు వంగాలి అంతే.

సరిగ్గా అప్పుడే ముద్ద కుబుసం విడవడం మొదలుపెట్టింది. రంగు మాసింది, కళ్ళు నీలంగా మసకబారాయి, తిండి ముట్టలేదు. గాలిలో తేమ సరిపోలేదు కాబోలు, మేజోడులా ఒక్కముక్కగా ఊడాల్సిన కుబుసం చిరిగి పేలికలుగా అతుక్కుపోయింది. అమ్మాయికి ఫోను చేశాను. గోరువెచ్చని నీళ్ళు, అదీ లోతు లేకుండా, తల పైకెత్తుకుని ఉండగలిగేంత పోయమంది. మూతకు చిల్లులున్న డబ్బాలో పెట్టి, పక్కనుంచి కదలొద్దంది. కదల్లేదు. నానాక తడి తువ్వాలు వదులుగా పట్టుకుంటే అదే మెల్లగా అందులోంచి పాకింది, పొట్టు రాలినట్టు కుబుసం గుడ్డకు అంటుకుంటూ వచ్చింది. తోక చివర ఉంగరంలా మిగిలితే రక్తం ఆడక కుళ్ళిపోతుందని చెప్పింది కాబట్టి అదీ చూశాను. శుభ్రంగా ఉంది. కొత్త చర్మం మీద చెయ్యి వేస్తే నాకే గర్వంగా అనిపించింది. కుడికంటి మీద మాత్రం పాత పొర ఉండిపోయింది.

"దాని జోలికి పోకమ్మా" అంది అమ్మాయి. "పాముకి రెప్పలుండవు, కంటిమీద పొరే కాపలా. పాతదెక్కడ అయిందో కొత్తదెక్కడ మొదలయిందో మన కంటికి తెలీదు. తేమగా ఉంచు, అదే ఊడుతుంది. లేకపోతే వచ్చే కుబుసంతో పోతుంది."

ఈ ముక్కలు మా ఆయన మిషను పక్కన నిలబడి, ఆయనకు వినబడేలా, ఒకటికి రెండుసార్లు చెప్పాను.

కానీ ఆయనకో జబ్బుంది. దారపు కొస కనబడితే లాగకుండా ఉండలేడు. పెళ్ళికి వెళ్ళినా ముందు వరుసలో ఎవరి కాలరు మీదో దారం చూసి తుంచేస్తాడు, వాళ్ళు ఉలిక్కిపడి వెనక్కి చూస్తే నేను తల దించుకోవాలి. ముద్ద కంటి అంచున ఆ పొర ఒక పక్క కాస్త లేచి ఉంది. అది నేనూ చూశాను, ఆయనా చూశాడు.

ఆదివారం పాలకని వెళ్ళి వచ్చేసరికి ముద్ద ఆయన కత్తిరింపు బల్లమీద, తువ్వాల్లో ఉంది. దీపం కిందకి లాగి, కుట్లు విప్పేటప్పుడు దారాలు పీకే చిన్న పట్టకారు పట్టుకుని ఉన్నాడు.

"వచ్చేసింది చూడు" అన్నాడు. "అమ్మాయి వచ్చేసరికి కొత్తదానిలా ఉండొద్దూ?"

చూశాను. కన్ను సొట్టబోయింది. దాని చుట్టూ నెత్తురు కలిసిన నీరు ఊరుతోంది. పాత పొరతో పాటు కింద ఉన్న అసలు పొరా ఊడి వచ్చేసింది.

"కందకు లేని దురద మీకెందుకండీ?" అన్నాను. తువ్వాలుతో సహా ముద్దను ఎత్తి డబ్బాలో పెట్టాను.

నా ముఖం చూశాకే ఆయనకు అర్థమైంది. స్టూలుమీద కూలబడ్డాడు. "ముందు రాలేదే. కొంచెం గట్టిగా లాగాను" అన్నాడు. "ఇక అమ్మాయి ఈ ఇంటి ముఖం చూడదు" అన్నాడు. ఆయన గొంతు వణకడం నా కాపురంలో అదే మొదటిసారి వినడం.

అమ్మాయి వచ్చింది. లోపలికే వచ్చింది. డబ్బా మూత తీసి చూసింది.

"ఎవరు చేశారు?"

పట్టకారుతో సహా ఆయన చెయ్యి జేబులోకి పోయింది.

"నేనే" అన్నాను. "ఊడిపోతుందనుకున్నాను."

"చెప్పాను కదమ్మా. అంత చెప్పాను కదా."

అరిచినా బాగుండేది. డాక్టరుకు ఫోను చేసింది. కన్ను తీసేయాల్సి రావచ్చు, గంట తరువాత తీసుకురమ్మన్నాడట. డబ్బా గుండెకు పట్టుకుని నిలబడింది.

అప్పుడు మా ఆయన నోరు విప్పాడు. చెప్పేస్తాడనే అనుకున్నాను. చెప్పేయాలనే కోరుకున్నాను కూడా.

"నేను వద్దంటూనే ఉన్నానమ్మా" అన్నాడు. "మీ అమ్మ ఎవరి మాట వింటుంది గనక."

అమ్మాయి ఆయన వైపు తిరిగింది. ఏడాది తరువాత తిరిగింది.

"నువ్వైనా చెయ్యి పట్టుకుని ఆపాల్సింది నాన్నా."

"ఆపేలోపే లాగేసింది."

అమ్మాయి కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. నా నాలుక చివర నిజం అలాగే ఉంది. ఒక్క మాట చాలు, ఆ కుర్చీ ఖాళీ అయిపోతుంది. మింగేశాను. కడుపు మండింది, ఆయన మీద మండింది, అయినా మింగేశాను. టీ పెట్టి తెచ్చేసరికి ఆయన కొత్త ఇంట్లో వెలుతురు ఎలా ఉందని అడుగుతున్నాడు, తను కిటికీ గురించి చెబుతోంది. నా చేతిలో కప్పు వైపు చూడకుండానే, "నాకొద్దు" అంది. ఆమె కప్పు కూడా ఆయనే తాగాడు.

డాక్టరు దగ్గరకు బయలుదేరుతూ, "వచ్చే ఆదివారం వస్తాను నాన్నా" అంది. డబ్బా పట్టుకోబోయాను. పక్కకు జరిపేసుకుంది.

ఆయన తలుపు వేసి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"విన్నావా? మళ్ళీ వస్తానంది."

"నాతో అనలేదు" అన్నాను.