మళ్ళడం ఒకడి పని

నిఘంటువు పనిలో మాటలు పెరగాలి గానీ మాటామాటా పెరగకూడదు. బావా బామ్మర్దీ కలిసి నిఘంటువు రాసే ఆ గదిలో రెండోదే జరిగింది. 'అలక' అనే మాటకు బామ్మర్ది రాసిన నాలుగు అర్థాల్లో రెండింటిని, అడగకుండానే బావ కొట్టేశాడు. బామ్మర్ది ఐదో అర్థం ఆచరించి చూపి వెళ్ళిపోయాడు.

పోయి బిస్కెట్ల ప్రకటనలు రాసే కంపెనీలో చేరాడు. అక్కడ ఏ మాటకైనా అర్థం ఒకటే: కరకర. ఏడాది తిరక్కుండానే నాలుక చప్పబడింది. పాత పని మళ్ళీ కావాలి. అడగడానికి నోరు పెగలక, అక్క బావకు పంపిన గొడుగు ఇవ్వడానికి వచ్చినట్టు నటిస్తూ ఆ ఉదయం గుమ్మంలో నిలబడ్డాడు.

బావ తలెత్తలేదు. ఎందుకొచ్చావనీ అనలేదు. ఆయన బుర్రను వేరే పురుగు తొలుస్తోంది.

"మళ్ళీ, మరల, తిరిగి. మళ్ళడం, మరలడం, తిరగడం. మూడింటి కడుపులోనూ తిరగడమే ఉందోయ్ బామ్మర్దీ. రావడం ఒక్కదాన్లోనూ లేదు. ఎందుకంటావు?"

బామ్మర్ది గొడుగు సంగతి మరిచేపోయాడు. నిజమే, ఎందుకు లేదు?

క్రియకు అర్థం రాసేముందు ఆ పని చేసి చూడాలన్నది ఆ గది కట్టుబాటు. 'దూకు' రాసిన వారమంతా బావ కుంటాడు. 'మునుగు' జోలికి ఇద్దరూ ఇంకా పోలేదు. ఇప్పుడు 'మళ్ళు' తేల్చాలంటే ఎవరో ఒకరు నడవాలి. అడగడం తప్పిందే చాలని బామ్మర్ది హుషారుగా బయల్దేరాడు.

వరండా చివర మెట్ల దాకా వెళ్ళి వెనక్కి మళ్ళాడు. మళ్ళగానే కాళ్ళు ఆగిపోయాయి. ఆ రోజు కోపంగా పోతూ సరిగ్గా ఇక్కడే ఒకసారి వెనక్కి తిరిగాడు. ఎవరూ పిలవలేదు. దిగిపోయాడు.

"రావేం?" అంటూ బావ గుమ్మంలోకి వచ్చాడు.

"ఆ రోజు కూడా ఇక్కడ మళ్ళాను బావా."

బావ గోటితో తలుపు రెక్క గీరాడు. "చూశాను. పిలిస్తే లోకువవుతానని ఊరుకున్నాను."

వరండాకు చెరో కొసన ఇద్దరూ. మళ్ళడం ఒకడి పని, రావాలంటే అవతల రమ్మనేవాడూ ఉండాలి. ఆ మూడు మాటలూ తిరగడం దగ్గరే ఆగింది అందుకేనేమోనని బామ్మర్దికి తోచింది.

"లోపలికి రా," అన్నాడు బావ. "వచ్చి రాయి. మొదటి అర్థం: వచ్చిన దారినే పోవు."

బామ్మర్ది గడప దాటుతూనే తల అడ్డంగా ఊపాడు. "అది మొదటిది కాదు బావా. మొదటిది, దిక్కు మారు. దారి సంగతి తర్వాత," అంటూ బల్ల దగ్గరికెళ్ళి అదే రాశాడు.

కొట్టేయబోయిన బావ చెయ్యి కాగితం మీద ఆగింది.

"అయితే నాది రెండోది," అన్నాడు, కుర్చీ అతని వైపు జరుపుతూ.